వీడియో ఆపి అప్పజెప్పండి: ఆన్‌లైన్ కోర్సులో చదివింది గుర్తుండాలంటే

ఆన్‌లైన్ కోర్సు వీడియో నడుస్తున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. సారు చెబుతుంటే తలూపుతాం, తర్వాతి వీడియో నొక్కుతాం, పేజీలో గీత 60 శాతం, 70 శాతం అంటూ ముందుకు జరుగుతుంది. నెల తిరక్కుండానే డేటాబేస్ టేబుళ్ళను కలపడం గురించి ఇంటర్వ్యూలో ఎవరో ‘లెఫ్ట్ జాయిన్‌కీ ఇన్నర్ జాయిన్‌కీ తేడా ఏంటి?’ అని అడుగుతారు. ఆ వీడియో చూసిన సంగతి గుర్తుంటుంది, సారు వేసుకున్న చొక్కా కూడా గుర్తుంటుంది, జవాబు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే మనవాళ్ళలో, ఆఫీసు చేసుకుంటూ క్లౌడ్ సర్టిఫికెట్ కోసం రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళలో ఈ బాధ లేనివాళ్ళు తక్కువ.

దీనికి మందు పాతదే. చదివినదాన్ని పుస్తకం మూసి అప్పజెప్పడం. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని రిట్రీవల్ ప్రాక్టీస్ అంటారు. చదివింది మళ్ళీ చూడకుండా బుర్రలోంచి బయటికి లాగాలి. అలా లాగిన ప్రతిసారీ అది ఇంకాస్త గట్టిపడుతుంది.

చెప్పినంత మాత్రాన నమ్మబుద్ధి కాదు కాబట్టి ఒక ప్రయోగం గురించి చెప్తాను. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్ని పాఠాలను రెండుసార్లు చదివించారు. మరికొన్నిటిని ఒకసారి చదివించి, రెండోసారి కాగితం తీసేసుకుని గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రెండోదానిలో 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివింది 42 శాతానికి పడిపోతే, ఒకసారి చదివి రాసింది 56 దగ్గర నిలబడింది. మొదటి ఐదు నిమిషాల అంకెలు చూశారుగా? మనం మోసపోయేది అక్కడే. మళ్ళీ చూసిన వెంటనే బాగా వచ్చినట్టు ఉంటుంది కాబట్టి మళ్ళీ చూడటమే చదువు అనుకుంటాం.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

వీడియో నొక్కేముందు

కోర్సు పేజీ తెరిచిన వెంటనే ప్లే నొక్కకండి. రెండు నిమిషాలు ఆగి, నిన్న ఎక్కడ ఆపారో, అందులో ఏముందో ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి. నోట్సు తెరవొద్దు. ఏమీ గుర్తు రాకపోయినా ఫరవాలేదు, ఆ రెండు నిమిషాలూ వెతకండి. తర్వాత ఇవాళ్టి పాఠం పేరు చూసి, ఇందులో ఏం చెప్తారో మీ ఊహ ఒక్క వాక్యంలో రాయండి. ఊహ తప్పినా నష్టం లేదు. అసలు జవాబు వచ్చినప్పుడు ‘ఓహో, ఇదా’ అనిపించి చెవి అక్కడ నిలుస్తుంది.

వీడియో మధ్యలో

ఐదారు నిమిషాలకోసారి ఆపండి. పాఠంలో ఒక విషయం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట ఆపితే మరీ మంచిది. తెర మీంచి కళ్ళు తిప్పుకుని, ఇప్పటిదాకా విన్నది రెండు మూడు వాక్యాల్లో పైకి చెప్పండి. పక్కన ఎవరైనా ఉంటే మొహమాటంగా ఉంటుంది కాబట్టి లోపలే అనుకున్నా సరే. కాకపోతే లోపల అనుకుంటే సగం వాక్యంలో వదిలేస్తాం. రాస్తే అలా వదలడం కుదరదు.

ఆన్‌లైన్ పాఠాల మీదే దీన్ని పరీక్షించి చూశారు. 2013లో హార్వర్డ్‌కు చెందిన స్పునార్, ఖాన్, షాక్టర్ 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియోను నాలుగు ముక్కలు చేశారు. ముక్కకీ ముక్కకీ మధ్య కొందరికి చిన్న పరీక్ష పెట్టారు, కొందరికి పెట్టలేదు. పరీక్షలున్నవాళ్ళ మనసు పక్కదారులు పట్టడం దాదాపు సగానికి తగ్గింది. నోట్సు కూడా వాళ్ళే ఎక్కువ రాసుకున్నారు. మళ్ళీ అడుగుతారని తెలిస్తే వినే తీరే మారిపోతుందన్నమాట. మిమ్మల్ని అడిగే మాస్టారు లేరు కాబట్టి ఆ పని మీరే చేసుకోవాలి.

నోట్సు గురించి ఒక మాట. వీడియో నడుస్తుండగా రాసుకునేది నోట్సు కాదు, డిక్టేషన్. చెవిలో పడింది చేతిలోంచి కాగితం మీదికి పోతుంది, బుర్రలో ఆగదు. ఆపాకే రాయండి, గుర్తున్నదే రాయండి. తర్వాత కావాలంటే 30 సెకన్లు వెనక్కి తిప్పి సరిచూసుకోండి. స్లైడ్ల స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్‌లో దాచుకునే అలవాటుంటే మానేయమని చెప్పను గానీ, అవి ఎవరూ మళ్ళీ తెరవరు.

వేగం ఒకటిన్నర రెట్లు పెట్టి చూసేవాళ్ళు చాలామంది. పెట్టుకోండి, అలా మిగిలిన సమయాన్ని ఆపి చెప్పుకోవడానికి వాడండి.

వీడియో అయ్యాక: తెల్ల కాగితం

అన్నిట్లోకీ ఎక్కువ ఫలితం దీనిదే. లాప్‌టాప్ మూసేయండి. ఫోన్ బోర్లా పెట్టండి. తెల్ల కాగితం తీసుకుని పది నిమిషాలు, ఆ పాఠంలో గుర్తున్నదంతా రాయండి. వరసగా రానక్కర్లేదు, అందంగా ఉండక్కర్లేదు. బొమ్మలు, బాణాలు, తెలుగు ఇంగ్లీషు కలగలుపు, ఏదైనా సరే. కలం ఆగిపోయిన తర్వాత ఇంకో రెండు నిమిషాలు అలాగే కూర్చోండి. అప్పుడు బయటికొచ్చేవి కొన్నుంటాయి. ఆ తర్వాతే పాఠం తెరిచి, వేరే రంగు కలంతో తప్పులు దిద్దండి, వదిలేసినవి చేర్చండి.

ఎస్‌క్యూఎల్ జాయిన్ల పాఠం చూశారనుకుందాం (ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష, జాయిన్ అంటే రెండు టేబుళ్ళను కలపడం). కాగితం మీద మీరిలా రాశారు: ‘లెఫ్ట్ జాయిన్ అంటే ఎడమ టేబుల్లో వరసలన్నీ వస్తాయి. కుడివైపు జోడీ దొరక్కపోతే నల్, అంటే ఖాళీ, వస్తుంది.’ బాగుంది, టిక్కు పెట్టుకోవచ్చు. అక్కడితో ఆగకుండా మీకు మీరే ఒక చిన్న లెక్క వేసుకోండి. కస్టమర్ల టేబుల్లో ఐదుగురున్నారు. ఆర్డర్ల టేబుల్లో నాలుగు వరసలు: ఒకరివి రెండు, మరో ఇద్దరివి ఒక్కోటి. మిగతా ఇద్దరు ఏమీ కొనలేదు. కస్టమర్లను ఎడమవైపు పెట్టి లెఫ్ట్ జాయిన్ చేస్తే ఎన్ని వరసలొస్తాయి?

‘ఎడమ టేబుల్లో ఐదు కదా, ఐదే’ అని చెయ్యి రాసేస్తుంది. జవాబు ఆరు. రెండు ఆర్డర్లున్న మనిషి రెండు వరసల్లో వస్తాడు. ఒక్కో ఆర్డరున్న ఇద్దరికీ రెండు వరసలు, ఏమీ కొననివాళ్ళవి నల్‌తో ఇంకో రెండు. నిర్వచనం తప్పుల్లేకుండా అప్పజెప్పినవాళ్ళు కూడా ఇక్కడ జారతారు. ఇంకొంచెం ముందుకు వెళ్ళండి: కింద వరసలను వడకట్టే వేర్‌లో ‘ఆర్డర్ మొత్తం 500 కన్నా ఎక్కువ’ అని షరతు పెడితే ఆ నల్ వరసలు ఏమవుతాయి? రెండూ ఎగిరిపోతాయి. నల్‌ను 500తో పోల్చితే నిజం అని రాదు కాబట్టి. లెఫ్ట్ జాయిన్ అని రాసినా పనిచేసేది, జోడీ దొరికిన వరసలనే ఉంచే ఇన్నర్ జాయిన్‌లాగే. అదే షరతును, రెండు టేబుళ్ళనూ జతచేసే ఆన్‌లో పెడితే ఐదుగురు కస్టమర్లూ నిలుస్తారు. వీడియో చూస్తున్నప్పుడు సారు ఈ మాట చెప్పే ఉంటారు, మీరు తలూపే ఉంటారు. కాగితం మీద పెట్టేదాకా అది మీకు వచ్చో రాదో తెలియదు.

దిద్దుకోవడం మాత్రం మానకండి. ఎర్ర కలం పెట్టకపోతే ‘ఐదు’ అనే తప్పే గట్టిపడి కూర్చుంటుంది.

ప్రశ్నలు తయారు చేసుకోవడం

ఎర్ర కలం పడిన చోట్లే రేపటి ప్రశ్నలు. పాఠానికి ఐదారు చాలు. ప్రతి స్లైడునూ ప్రశ్నగా మార్చడం మొదలుపెడితే రెండు వారాలకు ప్రశ్నలు రాసుకునే కార్డులు కొండంత పెరిగి, మొత్తం వదిలేస్తారు.

ప్రశ్న ఎలా ఉండాలంటే, జవాబు చెప్పడానికి ఆలోచించాలి, చెప్పాక ఒప్పో తప్పో తేలాలి. ‘లెఫ్ట్ జాయిన్ అంటే ఏమిటి?’ అన్నది బలహీనం. నోటికొచ్చిన నిర్వచనం అనేసి ముందుకు పోతాం. ‘ఎడమ టేబుల్లో 5 వరసలుంటే లెఫ్ట్ జాయిన్‌లో 5 కన్నా ఎక్కువ ఎప్పుడొస్తాయి?’ అన్నది గట్టి ప్రశ్న. ‘ఎందుకు’, ‘ఎప్పుడు’, ‘ఇలా మారిస్తే ఏమవుతుంది’, ‘దీనికీ దానికీ తేడా ఏంటి’ అనే నాలుగు మూసల్లో చాలా పాఠాలు ఇమిడిపోతాయి. పోర్టు నంబర్లు, కమాండ్ల పేర్లు లాంటి చిల్లర విషయాలకు సూటి ప్రశ్నే చాలు.

చాట్‌బాట్‌ను ప్రశ్నలు రాసిపెట్టమని అడగొచ్చా? అడగండి, ఒకే షరతు: జవాబులు చూపించవద్దని ముందే చెప్పండి, మీరు రాశాకే దిద్దమనండి. అది కూడా ధీమాగా తప్పులు చెప్తుంది. అనుమానమొస్తే కోర్సు వీడియోలోనో, అధికారిక డాక్యుమెంటేషన్‌లోనో చూసుకోండి. ఎస్‌క్యూఎల్, పైథాన్ లాంటివైతే నేరుగా రన్ చేసి చూడటమే అన్నిటికన్నా సుఖం.

కార్డులకు యాంకి అనే యాప్ ఉంది. కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్‌లో డబ్బులు కట్టాలి. ఏ కార్డు ఎప్పుడు మళ్ళీ అడగాలో అదే చూసుకుంటుంది. యాప్‌లంటే చిరాకైతే ఆఫీసులో పారేసే ప్రింటవుట్లను కార్డులుగా కత్తిరించి, వెనక వైపు ప్రశ్నలు రాసి, చెప్పుల డబ్బాలో మూడు అరలు చేసుకోండి. మొదటి అరలో ఉన్నవి రోజూ, రెండోది మూడు నాలుగు రోజులకోసారి, మూడోది పది రోజులకోసారి తీయండి. సరిగ్గా చెప్తే కార్డు తర్వాతి అరకు వెళ్తుంది, తప్పితే ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ మొదటి అరకే. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో ప్రచారంలోకి తెచ్చిన డబ్బా పద్ధతికి ఇది కుదించిన రూపం.

ఎప్పుడెప్పుడు

ఒకే రాత్రి పదిసార్లు అప్పజెప్పుకోవడం కన్నా పది రోజుల్లో నాలుగుసార్లు మేలు. కాస్త మర్చిపోయాక గుర్తు తెచ్చుకుంటేనే ఆ శ్రమకు ఫలం. 2008లో సెపెడా బృందం వెయ్యికి పైగా మనుషుల మీద చేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, ఎంత ఎక్కువ కాలం గుర్తుండాలో, రెండు పునశ్చరణల మధ్య అంత ఎక్కువ ఎడం ఉండాలి. పరీక్ష వచ్చే వారమే అయితే ఒకటి రెండు రోజుల ఎడం చాలు. ఏడాది పొడుగునా ఉద్యోగంలో పనికి రావాలంటే వారాల ఎడం కావాలి.

లెక్కలు పెట్టుకోలేమంటారా, ఇది గుర్తుపెట్టుకోండి: మరుసటి రోజు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి. ఒకే పాఠం ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టకుండా పాతవీ కొత్తవీ కలిపేయండి. ఇంటర్వ్యూలో ‘ఇప్పుడు మూడో వారం పాఠం అడుగుతున్నాను’ అని ఎవరూ చెప్పరు.

కోర్సులో పెట్టే క్విజ్‌ల సంగతి

చాలా కోర్సుల్లో వీడియో అయిన మరుక్షణమే క్విజ్ వస్తుంది. చెవిలో మాట ఇంకా మోగుతుండగానే నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడం, అదేమీ లేకుండా జవాబు తలలోంచి తీయడం, రెండూ ఒకటి కావు. క్విజ్‌లో పదికి పది వచ్చాయని మురిసిపోకండి. ఆ క్విజ్‌ను వెంటనే రాయకుండా మర్నాటికి వాయిదా వేయండి. రాసేటప్పుడు ఆప్షన్లను చేత్తో మూసి, ముందు మీ జవాబు చెప్పి, తర్వాత చెయ్యి తీయండి. ఇంత చిన్న మార్పుతో పనికిమాలిన క్విజ్ కూడా పనికొస్తుంది.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చేసేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. 12 వారాల కోర్సులో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లలో మెరుగైన 8 తీసుకుంటారు, వాటికి 25 శాతం. మిగతా 75 శాతం సెంటర్‌కు వెళ్ళి రాసే చివరి పరీక్షది. అసైన్‌మెంట్‌ను పక్క ట్యాబ్‌లో వీడియో తెరిచిపెట్టి, లేకపోతే వాట్సాప్ గ్రూపులో వచ్చిన జవాబులు చూసి పూర్తిచేయడం అందరికీ తెలిసిన భాగోతమే. అలా పాతిక శాతం వస్తుంది, ముప్పావు భాగం గాల్లో ఉంటుంది. అసైన్‌మెంట్‌ను రెండుసార్లు చేయండి: మొదట ఏమీ తెరవకుండా కాగితం మీద, ఆ తర్వాత సరిచూసుకుని సబ్మిట్. కాగితం మీద తప్పినవన్నీ డబ్బాలోకి.

కోడింగ్ కోర్సైతే

సారు టైప్ చేస్తుంటే వెనకాలే టైప్ చేసుకుంటూ పోవడం వల్ల వేళ్ళకు వ్యాయామం తప్ప ఇంకేమీ ఒరగదు. ప్రోగ్రాం నడుస్తుంది, మనమే రాశామనిపిస్తుంది. ఆ ఫైలును మూసి, ఖాళీ ఫైలు తెరిచి, అదే పని మొదటినుంచీ రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒక కామెంట్ పెట్టి ముందుకు వెళ్ళండి. మొత్తం అయ్యాకే పాత ఫైలు తెరిచి పోల్చండి. మూడు రోజుల తర్వాత ఇంకోసారి, ఈసారి ఏదో ఒకటి మార్చి: లిస్ట్ బదులు డిక్షనరీ, ఒక ఫైలు బదులు రెండు.

బెంగళూరు రోజులో దీనికి చోటెక్కడ

సమయం లేదంటారు. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఉన్నదంతా సమయమే. బస్సులో నిలబడి వీడియో చూడటం కష్టం, కార్డులు చూడటం సులువు. నిన్నటి పాఠాన్ని కళ్ళు మూసుకుని మొదటినుంచీ చెప్పుకోవడానికి కార్డులు కూడా అక్కర్లేదు. మెట్రోలో పర్పుల్ లైన్ మీద కబ్బన్ పార్క్ నుంచి మెజెస్టిక్ దాకా రైలు భూమి కింద పోతుంది. అక్కడ సిగ్నల్ పోయి వీడియో తిరుగుతూ కూర్చుంటే, అప్పటిదాకా చూసింది చెప్పుకోండి. క్యాబ్‌లో ఇంటికి ఫోన్ చేసి ‘అమ్మా, తిన్నావా’ అయ్యాక పెట్టేయకుండా, ఇవాళ ఏం నేర్చుకున్నారో అమ్మకు అర్థమయ్యేలా చెప్పి చూడండి. ఆవిడకు అర్థమైతే మీకు వచ్చినట్టే.

పీజీలో రూమ్మేట్ ఉండటం పెద్ద వరం. అతను వేరే కోర్సు చేస్తున్నా సరే, రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు ఒకరికొకరు అప్పజెప్పుకోండి. ‘ఒరేయ్, ఈ నల్ గోలేంటో చెప్పరా’ అని వాడు అడగాలి, మీరు తెలుగులోనే చెప్పాలి. పాఠం ఇంగ్లీషులో విన్నారు కదా, ఆ వాక్యాలు అలాగే అప్పజెప్పడం చాలా తేలిక, అర్థం కాకపోయినా వచ్చేస్తాయి. తెలుగులో చెప్పాలంటే అర్థం పట్టుకోక తప్పదు. చెప్పేటప్పుడు ‘అది... అంటే... అదే రా’ అని ఎక్కడ నసుగుతారో రూమ్మేట్ అక్కడ వేలు పెట్టి ఆపాలి. ఇంటర్వ్యూకు ముందు మాత్రం అదే జవాబును ఇంగ్లీషులో కూడా ఒకసారి పైకి చెప్పి చూసుకోండి, నోరు తిరగాలి కదా.

ఆపేయాలనిపించినప్పుడు

మొదటి వారం విసుగ్గా ఉంటుంది. గంట చదివినా తెల్ల కాగితం మీద సగం కూడా నిండదు. పక్కవాడు మూడు వీడియోలు లాగించేసి ఉంటాడు, మీరు ఒక్కదాని దగ్గరే ఉంటారు. ఆ టెన్షన్‌లో పాత పద్ధతికి వెళ్ళిపోవాలనిపిస్తుంది. అప్పుడు కొలత మార్చుకోండి: ఎన్ని వీడియోలు చూశామని కాకుండా, పది రోజుల కిందటి ప్రశ్నల్లో ఎన్నిటికి ఇవాళ చూడకుండా జవాబు చెప్పగలిగామని. ఆ అంకెను ప్రతి ఆదివారం క్యాలెండర్ మీద రాసుకోండి.

అసలు అర్థమే కాని పాఠాన్ని అప్పజెప్పుకుని లాభం లేదు. కాగితం మీద రెండు వాక్యాలు కూడా రాకపోతే అది జ్ఞాపకానికి సంబంధించిన చిక్కు కాదు. వీడియో మళ్ళీ చూడండి, వేరేవాళ్ళు చెప్పింది వినండి, తెలిసిన అన్ననో అక్కనో అడగండి. అర్థమైన తర్వాత మళ్ళీ కాగితం దగ్గరికి రండి.

మరీ ఊపిరాడని వారాల్లో, రిలీజులో ఇరుక్కుపోయో, పండక్కి ఊరెళ్ళో, అన్నీ కుదరకపోతే కొత్త వీడియోలు ఆపేయండి, కార్డులు మాత్రం ఆపకండి. రోజుకు పది నిమిషాలు చాలు. పండక్కి ఊరెళ్ళే రాత్రి బస్సులో లైట్లు ఆర్పేముందు ఒక పది కార్డులు అయిపోతాయి. తిరిగొచ్చాక ఎన్నో వీడియో దగ్గర ఆపారో చూసుకుని, దాన్ని నొక్కేముందు ఒక తెల్ల కాగితం తీసి, అంతకుముందు పాఠంలో ఏముందో రాయండి.